గోడ సందుల్లో కంపుపురుగులు, ఇంట్లో మందు గొడవ

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. పాపకు ఆరేళ్లు. బాబుకు పది నెలలు, ఇప్పుడిప్పుడే ఇల్లంతా పాకుతున్నాడు. అత్తమామలు కూడా వాళ్లతోనే ఉంటారు. మామగారికి ఉబ్బసం. కిందటేడు ఈ ఇంట్లోకి మారారు. పై అంతస్తులో పడమటి వైపు గది పాపది. చలి మొదలవడానికి కాస్త ముందు ఒక మధ్యాహ్నం ఆ గది బయటి గోడ మీద గోధుమరంగు పురుగులు ఎండ కాచుకుంటూ కనిపించాయి. ఐదో ఆరో ఉన్నాయనుకున్నారు. వారం తిరిగేసరికి లెక్కపెట్టలేనన్ని అయ్యాయి. తర్వాత ఒకరోజు చూస్తే గోడ ఖాళీ. "పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదండీ, లోపలికొచ్చేశాయి" అని రాశారు.

ఇప్పుడు చలి బాగా ముదిరింది. ఎండ కాసిన పగలో, హీటర్ వేసిన రాత్రో కర్టెన్ మడతల్లోంచి, పైకప్పు దీపం చుట్టూ ఉన్న సందులోంచి ఒక్కొక్కటే బయటికొస్తాయి. గుయ్యిమని ఎగిరి, గోడకు కొట్టుకుని, మంచం మీద పడతాయి. రోజుకు పది, పదిహేను. చెప్పుతో కొడితే గదంతా కంపు. పాప ఆ గదిలో పడుకోనంటోంది. పోయిన వారం బాబు ఒకదాన్ని నోట్లో పెట్టుకున్నాడు. ఈమె వేలు పెట్టి తీసి, నోరు కడిగేలోపు వాడు కక్కుకుని గుక్కపట్టి ఏడ్చాడు. కాసేపటికి మామూలయ్యాడు కానీ ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

భర్త పురుగుమందు కొట్టించేద్దాం అంటున్నారు. పాకే పిల్లాడు, ఉబ్బసం ఉన్న పెద్దాయన ఉన్న ఇంట్లో మందేమిటని ఈమె ఒప్పుకోవడం లేదు. "నీకు పురుగులూ వద్దు, మందూ వద్దు. మరి నన్నేం చేయమంటావు?" అని ఆయన విసుక్కున్నారు. రెండు వారాలుగా మాటలు ముక్తసరిగానే నడుస్తున్నాయి. అత్తగారు ఒక మాటన్నారు: "ఇల్లు శుభ్రంగా ఉంటే పురుగులెందుకొస్తాయి?" ఆ మాట గుచ్చుకుంది. అప్పటినుంచి రోజుకు రెండుసార్లు ఇల్లు తుడుస్తున్నారు, వారానికోసారి కర్టెన్లు ఉతుకుతున్నారు. వెల్లుల్లి నీళ్లు చల్లారు, పుదీనా నూనె పెట్టారు. పురుగులు వస్తూనే ఉన్నాయి. చివర్లో ఆమె అడిగినవి ఇవి: ఇవి ఇంట్లో గుడ్లు పెడుతున్నాయా? బాబుకేమైనా అవుతుందా? మందు లేకుండా వదిలించుకోవడం అసలు కుదిరే పనేనా? లేక నేనే మొండిపట్టు పడుతున్నానా?

అమ్మా,

ముందు ఆ తుడవడం తగ్గించండి. మీ చేతుల్లో సత్తువ వేరే పనికి కావాలి.

కంపుపురుగుకు మీ ఇంటి శుభ్రతతో ఏ సంబంధమూ లేదు. అది బతికేది మొక్కల రసం మీద. సూది లాంటి ముక్కును కాయలోకో లేత కొమ్మలోకో గుచ్చి పీలుస్తుంది. నేల మీద రాలిన మెతుకులు, మురికి బట్టలు, చెత్తబుట్ట దానికి అక్కర్లేదు. అద్దంలా తుడిచిన ఇంట్లోకీ వస్తుంది, దుమ్ము పట్టిన ఇంట్లోకీ వస్తుంది. దానికి కావలసింది ఒక్కటే: తడి లేని, చీకటిగా ఉండే, ఒళ్లు ఇరికించుకుని దాక్కోగలిగే సందు. అడవిలో అయితే ఎండిపోయి నిలబడ్డ చెట్ల బెరడు కింద, రాళ్ల పగుళ్లలో దూరుతుంది. దాని లెక్కలో మీ పడమటి గోడ ఒక పెద్ద ఎండుమాను.

ఎందుకు పడమటి గోడే అంటారా? పగటి పొద్దు తగ్గేకొద్దీ ఈ పురుగు ఒంట్లో ఒక మార్పు వస్తుంది. తినడం, జతకట్టడం మానేసి, ఒంట్లో దాచుకున్న కొవ్వుతో చలికాలం గడపడానికి చోటు వెతుక్కుంటుంది. చల్లబడుతున్న రోజుల్లో మధ్యాహ్నపు ఎండకు వేడెక్కే గోడ దాన్ని లాగుతుంది. అక్కడ వాలి, సాయంత్రం చల్లబడగానే పైకి పాకుతూ కిటికీ చట్రం పక్క సందో, కప్పు అంచు కింద పగులో దొరికితే దూరిపోతుంది. మీరు చూసిన "ఖాళీ అయిన గోడ" అదే.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించిన సంగతి ఇది. మీరు వాటిని ఇంట్లో కాపురం పెట్టినవిగా అనుకుంటున్నారు. అందుకే గుడ్ల భయం, పిల్లలు పెడతాయన్న భయం. అవి కాపురానికి రాలేదు. చలికాలం తలదాచుకోవడానికి వచ్చాయి. ఈ చలికాలపు నిద్రలో ఉన్నంతకాలం గుడ్లు పెట్టవు. గుడ్లు పెట్టేది చలి పోయాక, బయట, ఆకుల అడుగున, ఒక్కో గుత్తికి సుమారు 28 చొప్పున. మీ గదిలో రోజూ కనిపించే పదిహేనూ కొత్తగా పుట్టినవి కావు. గోడలో, కప్పులో పడుకున్న వాటిలోంచి హీటరు వేడికి "చలి పోయింది కాబోలు" అని తప్పుగా లేచినవి. అంటే మీ ఇంట్లో వాటి సంఖ్య పెరగడం లేదు, తరుగుతోంది. మీరు ఏరి పారేసిన ప్రతిదీ ఆ లెక్కలోంచి శాశ్వతంగా పోయినట్టే.

ఒకటి మాత్రం సరిచూసుకోండి. మీరు వర్ణించిన పురుగు, డాలు ఆకారం, గోధుమరంగు మచ్చలు, చిటికెన వేలి గోరంత వెడల్పు, మీసాల మీద తెల్లని పట్టీలు, ఇవన్నీ గోధుమరంగు మచ్చల కంపుపురుగుకు సరిపోతున్నాయి. చైనా, జపాన్, కొరియా దీని పుట్టిళ్లు. సరుకుల మధ్య దాక్కుని ఖండాలు దాటింది. అమెరికాలో 1990ల నడుమ పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో మొదట కనిపించి, అక్కడినుంచి చాలా రాష్ట్రాలకు పాకింది. ఐరోపాలోనూ ఇళ్లలో దూరుతోంది. కానీ పైకి ఇలాగే కనిపించే పురుగులు మరికొన్ని ఉన్నాయి. కొన్ని ప్రాంతాల్లో రాత్రిపూట నెత్తురు తాగే రకాలూ ఉంటాయి. ఒకదాన్ని చిన్న సీసాలో వేసి వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో కీటకశాస్త్రం తెలిసినవాళ్లకో చూపించండి. అనుమానం తీరితే మిగతాదంతా తేలికవుతుంది.

బాబు సంగతి. కంపుపురుగు కుట్టదు, నెత్తురు తాగదు, రోగాలు మోసుకు రాదు. నోట్లో పెట్టుకున్నప్పుడు వాడికి తగిలింది దాని కంపు ద్రవం. ఘాటుగా, చేదుగా ఉండి నాలుక మండిస్తుంది, చొల్లు కారుతుంది, వాంతి కావచ్చు. మీరు నోరు కడిగి మంచి పనే చేశారు. మళ్లీ అలా జరిగితే తడిగుడ్డతో నోరు తుడిచి, నీళ్లో పాలో పట్టించి, కాసేపు కనిపెట్టుకుని ఉండండి. ఊపిరి తీసుకోవడం కష్టమైనా, గొంతులో ఏదైనా అడ్డుపడ్డట్టు ఉన్నా, పెదాలు వాచినా ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆ ద్రవం కంట్లో పడితే మండుతుంది, ధారగా నీళ్లతో కడగాలి. కొందరికి ఇవి ఎక్కువగా ఉన్న గదిలో ముక్కు కారడం, కళ్లు దురద పెట్టడం ఉంటుంది. కాబట్టి వాటిని ఏరే పని మామగారికి అప్పగించకండి. ఏరేటప్పుడు ఆయన ఆ గదిలో లేకుండా చూసుకోండి.

కంపు గురించి ఒక మాట, ఎందుకంటే మీరు చెప్పుతో కొడుతున్నారు. పురుగు కాళ్ల మొదళ్ల దగ్గర, పొట్ట వైపు చిన్న గ్రంథులుంటాయి. ప్రాణం మీదికి వచ్చిందనుకున్నప్పుడే వాటిని విప్పుతుంది. బయటికొచ్చేవి ఆల్డిహైడ్లు అనే రసాయనాలు. కొత్తిమీర నలిపినప్పుడు వచ్చే వాసనలోనూ అదే జాతి రసాయనాలుంటాయి, అందుకే కొందరికి ఈ కంపు కుళ్లిన కొత్తిమీరలా తోస్తుంది. ఒకదాన్ని చంపితే ఆ వాసనకు వంద వస్తాయని మీకెవరో చెప్పారని రాశారు. అది నిజం కాదు. అది ప్రమాదాన్ని చెప్పే వాసన, తోటి పురుగులను చెదరగొట్టేది. ఒకదాన్నొకటి పిలుచుకునే వాసన వేరు, దాన్ని మగ పురుగులు తిండి దొరికే రోజుల్లో వదులుతాయి. చెప్పుతో కొట్టి చంపకూడదు అనడానికి కారణం గదికి, గుడ్డలకు కంపు, మరకా పట్టడం, అంతే. అంటుకుంటే చేతులు సబ్బుతో రెండు మూడుసార్లు కడగాలి. కేవలం నీళ్లతో పోదు, నూనె లాంటి పదార్థం కదా.

ఇక ఈ రోజునుంచి చేయగలిగింది. ఈ పురుగుకు ఒక అలవాటుంది. బెదిరితే, ముఖ్యంగా చల్లగా ఉన్నప్పుడు, ఎగరకుండా కాళ్లు వదిలేసి కిందికి రాలిపోతుంది. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి, గిన్నెలు కడిగే సబ్బు ద్రవం ఒక చెంచా కలపండి. గోడ మీదో కర్టెన్ మీదో పురుగు కనిపిస్తే డబ్బాను దాని కిందికి చేర్చి, పైనుంచి ఒక అట్టముక్కతో మెల్లగా తాకండి. తానే అందులో పడుతుంది. వట్టి నీళ్లయితే తేలి ఈది బయటికొస్తుంది. సబ్బు కలిస్తే నీటి పైపొర పట్టు సడలుతుంది, పురుగు మునుగుతుంది, ఊపిరి తీసుకునే రంధ్రాల్లోకి నీళ్లు చేరి కాసేపట్లో చస్తుంది. కంపు కూడా చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది. తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడు చేస్తే అవి మందంగా ఉంటాయి, పని సులువు. రాత్రి హీటర్ వేశాక వెంటపడితే గది చుట్టూ పరుగెత్తాల్సిందే.

వాక్యూమ్ క్లీనర్ వాడవచ్చా అని అడిగారు. వాడవచ్చు, కానీ జాగ్రత్తగా. మొదటిసారి నేను ఏ ఆలోచనా లేకుండా నలభై పురుగుల్ని దానితో లాగేశాను. ఆ తర్వాత నెలరోజుల పాటు దాన్ని వేసినప్పుడల్లా ఇల్లంతా అదే కంపు. ఇప్పుడు చేసేది ఇది: పాత పలుచని మేజోడును గొట్టం మూతిలోకి జొనిపి, అంచును బయటికి మడిచి రబ్బరు బ్యాండుతో బిగిస్తాను. పురుగులు మేజోట్లోనే ఆగిపోతాయి, యంత్రంలోకి పోవు. మోటారు ఆపకముందే మేజోడు మూతి పట్టుకుని లాగి ముడివేసి సబ్బునీళ్లలో ముంచాలి. సబ్బునీళ్లు ఇష్టం లేకపోతే సంచిలో కట్టి రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచినా సరే. కిటికీ తెరిచి బయటికి విసరడం మాత్రం వద్దు. ఎండ తగిలితే అవి మళ్లీ అదే గోడకు వస్తాయి.

రాత్రిపూట ఒక పళ్లెం పెట్టి చూడండి. వెడల్పాటి అల్యూమినియం పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, దాని మీద చిన్న బల్బు వెలుగు పడేలా అమర్చి, గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేయాలి. చీకట్లో వెలుగున్న చోటికి వచ్చి నీళ్లలో పడతాయి. ఇది ఎవరో వంటింట్లో కల్పించిన చిట్కా కాదు. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ కీటకశాస్త్రవేత్తలు ఇళ్లలో పోల్చి చూసి 2014లో చెప్పారు: దుకాణాల్లో అమ్మే బోనుల కంటే ఇది 14 రెట్లు ఎక్కువ పురుగుల్ని పట్టింది. ఇందులో మూడు తిరకాసులున్నాయి. మెలకువ వచ్చి తిరుగుతున్న వాటినే ఇది పట్టగలదు. గోడ లోపల నిద్రపోతున్నవి రావు, కాబట్టి చలి తగ్గి అవి బయటికి పోవాలని చూసే వారాల్లోనే దీని అసలు ఫలితం కనిపిస్తుంది. దీపం తీగ నీళ్లకు దూరంగా, బల్బు పళ్లెంలోకి జారకుండా గట్టిగా బిగించి ఉండాలి. మూడోది మీ ఇంటికి చాలా ముఖ్యం. పాకే పిల్లలకు రెండంగుళాల నీళ్లు కూడా ప్రాణాంతకం. పళ్లెం పెట్టిన గది తలుపు గడియ వేసి ఉండాలి, పొద్దున మీరు లేవగానే మొదట ఆ నీళ్లు పారబోయాలి. ఆ మాట మీద నిలబడలేనంత అలసటగా ఉన్న రోజుల్లో పళ్లెం పెట్టకండి, డబ్బా చాలు.

ఇప్పుడు సందుల సంగతి. దీని మీద నేను కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే వచ్చే ఏడాది మీరు మళ్లీ ఈ ఉత్తరం రాస్తారా లేదా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంది.

మూడు నాలుగు మిల్లీమీటర్ల చీలిక చాలు, ఈ పురుగు ఒళ్లు అణచుకుని దూరిపోతుంది. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య ఎండి చిట్లిన పూత, కప్పు అంచు, గోడలోంచి బయటికెళ్లే గొట్టాల చుట్టూ వదిలేసిన ఖాళీ, చిరిగిన దోమతెర, తలుపు కింద వెలుగు కనిపించే సందు, కిటికీకి బిగించిన ఏసీ పక్కలు, గాలి పోయే రంధ్రాలు, ఇవి దాని దారులు. వీటిని రెండు వైపులనుంచి మూయవచ్చు. గది లోపలివైపునుంచి, ఇంటి బయటివైపునుంచి. రెండూ ఒకటి కావు.

లోపలివైపు మూయడం ఇప్పుడే చేయవచ్చు. పైకప్పు దీపం చుట్టూ, నేల అంచు పట్టీల వెంబడి, కిటికీ చట్రం లోపలి అంచున, అటక తలుపు చుట్టూ టేపో, నురగ పట్టీయో, సందులు పూడ్చే సిలికాన్ జిగురో పెట్టండి. దీపం ముట్టుకునేముందు మెయిన్ ఆపాలి. దీనివల్ల పాప మంచం మీద పురుగులు పడడం రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది. ఆ పిల్ల నిద్రకు, మీ నిద్రకు ఇది ఇప్పటికిప్పుడు దొరికే మందు. కానీ లోపల చిక్కుకున్న వాటిలో కొన్ని గోడలోనే చస్తాయి. చచ్చిన పురుగులు గుట్టగా పడితే వాటిని తినడానికి మరో రకం చిన్న పెంకుపురుగులు చేరే వీలుంది. అవి ఆ తర్వాత ఉన్ని బట్టలు, తివాచీల మీద పడతాయి. కొద్దిపాటి పురుగులకు ఈ బెడద అంతగా ఉండదు. గోడలో వందలు ఉన్నాయని అనుమానమైతే ఒక మధ్యేమార్గం ఉంది. అన్ని సందులూ మూసి ఒక్కదాన్ని, పాప మంచానికి దూరంగా ఉన్నదాన్ని, వదిలేయండి. లేచినవి అటే వస్తాయి, ఏరుకోవడం తేలిక. అటకలో చచ్చిపడినవి చేతికందితే ఊడ్చి తీసేయండి.

బయటివైపు మూయడం ఇప్పుడు వద్దు. లోపల అవి ఉండగా బయట మూస్తే చలి పోయాక వాటికి బయటికి దారి ఉండదు, అన్నీ మీ గదుల్లోకే దిగుతాయి. ఎండలు ముదిరి, వారం పది రోజులు ఒక్కటీ కనిపించకపోతే అప్పుడు మొదలుపెట్టి, మళ్లీ చల్లబడేలోపు పూర్తి చేయాలి. వీలున్న కాలం అది. గోడ మీద మొదటి పురుగు కనిపించేనాటికి పని అయిపోయి ఉండాలి, ఆ తర్వాత మూసినా సగం లోపలే ఉంటాయి. గాలి రంధ్రాలను సిలికాన్‌తో పూడ్చేయకండి. మరీ ముఖ్యంగా హీటరు పొగ, పొయ్యి పొగ బయటికి పోయే గొట్టాలను ముట్టుకోవద్దు, లోపల విషవాయువు చేరి మనుషుల ప్రాణాలు పోతాయి. మామూలు గాలి రంధ్రాలకు సన్నని లోహపు జల్లెడ బిగిస్తే గాలి ఆడుతుంది, పురుగు ఆగుతుంది.

చల్లబడే ఆ నాలుగైదు వారాల్లో సాయంత్రం పడమటి కిటికీల కర్టెన్లు వేసేయండి, బయటి దీపం అవసరమైతేనే వేయండి. తెల్లని వెలుగుకన్నా పసుపు వెలుగుకు తక్కువ వస్తాయి. గోడ మీద గుంపు కనిపించిన మధ్యాహ్నమే పొడవాటి కర్రకు సబ్బునీళ్ల డబ్బా కట్టి, కింద పట్టి, చీపురుతో రాలిస్తే ఒక్క గంటలో మీరు ఏరేవి చలికాలమంతా గదిలో ఏరేవాటికన్నా ఎక్కువ ఉండవచ్చు. ఇంటి చుట్టూ మొక్కలుంటే ఎండాకాలంలో ఆకుల అడుగున గుడ్ల గుత్తులు వెతికి నలిపేయండి. ఆ గుడ్లలోనే గుడ్లు పెట్టే అతి చిన్న కందిరీగ ఒకటి ఉంది, మనుషుల్ని కుట్టదు. ఈ పురుగుకు పుట్టినింటి శత్రువు అది, 2014లో అమెరికాలోని మేరీల్యాండ్‌లోనూ తనంతట తానే వచ్చి కనిపించింది. మొక్కల మీద మందు కొట్టినప్పుడు ముందు చచ్చేవాటిలో ఇలాంటివే ఉంటాయి.

వెల్లుల్లి నీళ్లు మానేయండి. పుదీనా, లవంగం లాంటి నూనెలకు ఈ పురుగులు కొంత దూరం జరుగుతాయని ప్రయోగశాలల్లో తేలింది, కానీ వాసన ఆరిపోగానే మళ్లీ వస్తాయి. గోడలో ఉన్నవాటికి అది చేరనే చేరదు. పైగా ఘాటు నూనెలు పసివాడి దగ్గర, ఉబ్బసం మనిషి దగ్గర మంచివి కావు. పురుగుల ఒంట్లో తడి లాగేసే డయాటమేషియస్ మట్టి పొడి గురించి కూడా అడిగారు. గట్టి పెంకున్న పెద్ద పురుగు మీద అది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది, తడి తగిలితే అసలు పనిచేయదు. ఆ సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. మీ ఇంట్లో నేనైతే వాడను.

ఇక మీవారి మాట. మీరు మొండిపట్టు పడుతున్నారా అని అడిగారు. మందు వద్దనడంలో లేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు, "మరి నన్నేం చేయమంటావు?" అన్నదానికి మీరు జవాబు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రాత్రిళ్లు నిద్రలేని భార్య, గదిలోకి వెళ్లనని ఏడ్చే కూతురు, కక్కుకున్న కొడుకు, వీళ్లను చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోలేక ఆయన తనకు తెలిసిన ఒక్క దారి చెప్పారు. దాన్ని కాదన్నప్పుడు ఆయన చేతికి వేరే పని ఇవ్వాలి.

మందు కొట్టిస్తే ఏమవుతుందో ఆయనతో ఇలా కూర్చుని చెప్పండి. గదిలో చల్లిన మందు, పొగ డబ్బా, రెండూ గోడ సందుల్లోకి సరిగా పోవు. బయట తిరుగుతున్న పదిహేనింటినీ చంపుతాయి. రేపు లేచే పదిహేనింటికి మళ్లీ కొట్టాలి. మందు మిగిలేది నేల మీద, అంటే బాబు అరచేతుల మీద. సందుల్లోకి ఎక్కించి కొట్టించినా, ఇందాక చెప్పిన చచ్చిన పురుగుల గుట్ట సమస్యే. ఇళ్లలో ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్ రకం మందులకు ఇవి వెల్లకిలా పడి చచ్చినట్టే ఉండి, కొన్ని మళ్లీ తేరుకోవడం పరిశోధకులు చూశారు. మందు వల్ల కాస్తయినా ఫలితం ఉండేది చల్లబడే ముందు బయటి గోడలకు కొడితేనే. ఎండకు, వానకు అదీ కొన్నాళ్లే నిలుస్తుంది. ఆ కాలం దాటిపోయింది. అంటే ఇప్పుడు కొట్టించాలా వద్దా అన్న గొడవకు అసలు అర్థమే లేదు. ఇది మీ మాట నెగ్గడం, ఆయన మాట ఓడడం కాదు, కాలం దాటిపోవడం. అలా చెబితే ఆయనకూ వినడం తేలికవుతుంది. బయటి సందులు మూశాక కూడా వచ్చే ఏడు గుంపులుగా లోపలికి వస్తే, అప్పుడు బయటి గోడ సంగతి ఇద్దరూ కలిసి మళ్లీ ఆలోచించుకోవచ్చు. ఇప్పుడే "ఎప్పటికీ వద్దు" అని మాట తీసుకోవలసిన అవసరం లేదు.

ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. చలి తగ్గిన మొదటి వెచ్చని రోజుల్లో అవి వాటంతట అవే కిటికీ అద్దాలకు చేరతాయి, బయటికి పోతాయి. పాపను కొన్నాళ్లు మీ గదిలో పడుకోబెట్టి, ఆ గదిలో హీటర్ ఆపేసి, తలుపు మూసి ఉంచితే అవి అంతగా లేవవు. అలసిపోయిన ఇంటికి ఇది తప్పేమీ కాదు. అయితే అన్నీ పోయాక సందులు మూయకపోతే వచ్చే ఏడు ఆ గోడే, ఆ పురుగులే. సందులు మూసినా ఒకటీ అరా వస్తూనే ఉంటాయి. అసలు ఒక్కటీ రాకూడదని పట్టుపడితే మీకు మళ్లీ నిద్ర ఉండదు.

అత్తగారికి వాదించి చెప్పకండి. సీసాలో పట్టిన పురుగును చూపించి, ఇది మొక్కల రసం తప్ప ఏదీ ముట్టదని ఒక్క మాట చెప్పండి. ఆవిడ కూడా ఇన్నాళ్లూ వాటిని చూసి భయపడే ఉంటారు. పాపకు అట్టముక్క ఇచ్చి, మీరు డబ్బా పట్టుకోండి. పురుగు కాళ్లు వదిలేసి టప్‌మని నీళ్లలో పడడం రెండుసార్లు చూస్తే, అది తన మీదికి ఎగిరి వచ్చేది కాదని, భయపడితే రాలిపోయేదని ఆ పిల్లకే అర్థమవుతుంది. బలవంతం మాత్రం చేయకండి. చూస్తానంటే చూడనివ్వండి.

మీవారికి ఇవ్వాల్సిన మొదటి పని ఇది. రేపు రాత్రి పాప గదిలో దీపాలన్నీ ఆర్పి, మీరు లోపలనుంచి కిటికీ చట్రం వెంబడి టార్చి వెలుగు మెల్లగా జరుపుతూ రండి. ఆయన్ని బయట నిలబడి చూడమనండి. సన్నని గీతలా వెలుగు కనిపించిన ప్రతిచోటా ఆయన కేకేయాలి, మీరు లోపల పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. లోపలివైపు ఆ గుర్తుల మీద ఈ వారమే టేపు అంటించండి. బయటివైపు ఎక్కడెక్కడో ఒక కాగితం మీద బొమ్మ గీసి దాచుకోండి, ఎండలు ముదిరాక ఆయన నిచ్చెన వేసేటప్పటికి చేతికి అందేలా.